ఏం కలిపినావని అడిగావు కదా, నాయనా

హిందూపురం,
బేస్తవారం మధ్యాహ్నం.

నాయనకు నీ కూతురు మాబున్ని సలాములు చేసి రాసుకునే సంగతులు.

నేను ఇక్కడ ఆరోగ్యంగానే ఉన్నాను. అక్కడ నువ్వు, అమ్మ, అవ్వ కూడా అలాగే ఉండాలని ప్రతి నమాజులోనూ కోరుకుంటున్నాను. అమ్మకు మోకాలు నొప్పి తగ్గిందా? బిందె నడుమున పెట్టుకుని గట్టు ఎక్కవద్దని చెప్పు. అవ్వకు కంటి ఆపరేషన్ అయ్యాక చుక్కలు మూడు పూటలా వేస్తున్నారా? ఆమె వేసుకున్నానని అబద్ధం చెబుతుంది, దగ్గర కూర్చుని వేయాలి. బుక్కపట్నం చెరువులో నీళ్ళు ఏ మెట్టు దాకా ఉన్నాయి? ఎండలు ముదిరాయి కదా, నువ్వు వల తీసేటప్పుడు తలకు గుడ్డ కట్టుకుంటున్నావా?

ఉత్తరం చూసి భయపడి ఉంటావు. మన ఇంటికి కరెంటాఫీసు కాగితం తప్ప ఇంకేదీ పోస్టులో రాదు. భయపడవద్దు, నాకేం కాలేదు. ఫోన్‌లో చెప్పలేను కాబట్టి రాస్తున్నాను. ఈ ఇంట్లో ఫోన్ నడవలోనే ఉంటుంది. నువ్వు మాట్లాడితే చెరువు ఆ గట్టు మీదున్న మనిషిని పిలిచినట్టే ఉంటుంది, అందరికీ వినబడుతుంది.

పోయిన శుక్రవారం కూడా అందరికీ వినబడింది. మామ, పెనుకొండ నుంచి వచ్చిన పెద్దమామ, అత్త, కొన్నాళ్ళుగా పుట్టింట్లోనే ఉంటున్న వదిన, నీ అల్లుడు అందరూ కూర్చుని ఉన్నారు. పెద్దమామే నీకు ఫోన్ చేసి ఏదో చెప్పి, నా చేతికి ఇచ్చాడు.

"ఏం కలిపినావే వాని కూట్లో?" అన్నావు.

నేను నోరు తెరిచేలోపే "నా మొగం మీద మన్ను పోసినావు" అని పెట్టేశావు. పెట్టేశాక కూడా నేను ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని తల ఊపుతూ నిలబడ్డాను. నువ్వు ఇంకా నాతో మాట్లాడుతున్నావని వాళ్ళు అనుకోవాలని.

నువ్వు అడిగిన దానికి జవాబు చెప్పడానికే ఈ ఉత్తరం. కలిపాను, నాయనా. నా చేత్తోనే కలిపాను. ఏం కలిపానో, ఎవరు కలపమన్నారో మొత్తం చదివి, ఆ తర్వాత నువ్వే ఆలోచించు.

నేను ఏడో తరగతి వరకే చదివానని నీకు తెలుసు. తప్పులుంటే సర్దుకుని చదువు. నువ్వు కూడబలుక్కుంటూ చదువుతావని అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. వేరే ఎవరిచేతా చదివించవద్దు. అమ్మకు నువ్వే చదివి వినిపించు.

ముందు ఇక్కడి సంగతులు రాస్తాను, లేకపోతే ఏడుస్తూ కూర్చున్నానని అనుకుంటావు. కింద పరుపుల అంగడి, పైన మేము. పొద్దున్నే మామ దూది ఏకే మిషన్ వేస్తాడు. అది తిరుగుతుంటే ఎవరి మాట ఎవరికీ వినబడదు, అందరం చేతులతో మాట్లాడుకుంటాం. పాత పరుపులు విప్పడం, గుడ్డ కొలిచి కత్తిరించడం, దూది నింపి దబ్బనంతో టాకాలు వేయడం నాకు వచ్చేసింది. మొదట్లో వేళ్ళన్నీ పొడుచుకున్నాను, ఇప్పుడు లేదు. సాయంత్రానికి రెప్పల మీద, తల మీద దూది పడి అందరం ముసలివాళ్ళలా అవుతాం. ఎండాకాలం ఫ్యాన్ వేసుకోవడానికి కూడా లేదు, దూది లేస్తుంది. తిండికి లోటు లేదు. సంగటి, ఊరుబిండి మన ఇంట్లో లాగే ఉంటాయి. చేపలు మాత్రం ఇక్కడ మంచులో పెట్టి తెచ్చినవి, చెరువు వాసన ఉండదు.

ఇక్కడికి కన్నడ మాట్లాడేవాళ్ళు చాలామంది వస్తారు. వచ్చిన కొత్తలో ఒకామె అంగట్లో నిలబడి "దింబు ఎష్టమ్మా?" అంది. నాకు దింపమన్నట్టు వినబడింది. అటక మీద ఉన్న దిండ్లన్నీ ఒక్కొక్కటే దింపి ఆమె ముందు పెట్టాను. ఆమె వింతగా చూస్తూ నిలబడింది. పదకొండో దిండు దింపుతుంటే అత్త లోపలినుంచి వచ్చి, "ఏమ్మే, అంగడంతా ఆమె నెత్తికెత్తుతాండావే? దింబంటే దిండే. ఎంత అని అడుగుతాండాది" అని నవ్వుతూ కింద కూర్చుండిపోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నాకు సిగ్గేసినా ఆ నవ్వు నచ్చింది. ఆ రోజు సాయంత్రం నన్ను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వి, దూది పోగులు ఒక్కొక్కటే ఏరి తీసింది. అప్పటినుంచి రోజూ అలాగే తీసేది. మాబూ అని పిలిచేది. అమ్మ గుర్తుకొచ్చి ఏడుపు వచ్చిన రోజుల్లో నేను ఆమె పక్కనే పడుకునేదాన్ని. ఇది ఎందుకు రాస్తున్నానంటే, అత్త మొదటినుంచీ నన్ను చెడ్డగా చూసి ఉంటే ఇప్పుడు నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు.

నీ అల్లుడి సంగతి. అతను నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు, ఒక్క బూతు మాట అనలేదు. కానీ పెళ్ళయిన పది రోజులకే ఏదో తేడా తెలిసింది. మధ్యాహ్నం దాకా లేచేవాడు కాదు. దబ్బనం చేతిలో ఉండగానే దూది మూటకు ఆనుకుని తూగేవాడు. పిలిస్తే నవ్వేవాడు. నిన్న చెప్పిన మాట ఇవాళ గుర్తుండేది కాదు. ఒకరోజు నన్ను లేపాక్షికి పిలుచుకుపోతానన్నాడు. నేను చీర కట్టుకుని పూలు పెట్టుకుని కూర్చున్నాను. సాయంత్రం చూసి "ఎవరింటికి పోతాండావు?" అని అడిగాడు. నోట్లో వాసన లేదు. మన ఊళ్ళో తాగినవాళ్ళను చూసిన దాన్ని కదా, అది కాదని తెలుసు. అయితే ఏమిటో తెలియదు.

నెలన్నర అయ్యాక అతని పాత దిండు గట్టిపడిందని, కొత్త దూది పెడదామని విప్పాను. చెప్పకుండా బాగుచేసి పెడితే సంతోషిస్తాడనుకున్నాను. లోపల దూది సగమే ఉంది. మిగతాదంతా ఖాళీ మాత్రల అట్టలు. కొంగులో పోసుకుంటే గలగలమన్నాయి. తీసుకుపోయి అత్తకు చూపించాను. ఆమె ఆశ్చర్యపోలేదు. తలుపు గడియ పెట్టింది.

నాలుగేళ్ళ కింద అతని చేయి మిషన్‌లో పడిందట. నువ్వు పెళ్ళిచూపుల్లో ఆ మచ్చ చూసి అడిగావు కూడా. నొప్పికి డాక్టరు మాత్రలు రాశాడు.

"పది దినాలకే రాసిచ్చినాడు మాబూ," అంది అత్త. "వాడు ఏడుస్తాంటే సూడలేక నేనే ఇంకో పది దినాలకు తెప్పించినా. నా చేత్తో నేనే మింగించినా. ఆ తర్వాత వాడే తెచ్చుకునేది మొదలుపెట్టినాడు. గదిలో పెట్టి బీగం వేసినా. మా యక్క కాడ పెనుకొండలో మూడు నెలలు పెట్టినా. దర్గాలో చదివింపులు చేయించినా. ఒక నెల బాగుండినాడు. అప్పుడే మీ సంబంధం వచ్చింది. పెండ్లయితే మారతాడని అందరూ అన్న్యారు."

నాకు నువ్వు గుర్తుకొచ్చావు, నాయనా. పెళ్ళిచూపుల నాడు గడపలో నిలబడి నువ్వు అడిగిన మాట గుర్తుకొచ్చింది. నా జీవితంలో మొదటిసారి అత్తను ఎదురు ప్రశ్న అడిగాను.

"మా నాయన అడిగినాడు కదత్తా. పిల్లోడు మందు తాగుతాడా అని అడిగినాడు. అల్లా సాక్షిగా ముట్టడంటివి."

"ఔ. ముట్టడు. మీ నాయన మందు గురించి అడిగినాడు, మందు గురించే చెప్పినా. మాత్రల గురించి మీ నాయన అడగలా."

దెప్పినట్టు అనలేదు. ఎన్నోసార్లు తనకు తాను చెప్పుకున్న మాటను మళ్ళీ చెప్పినట్టు అంది. నువ్వు అడగవలసిన దానికంటే తక్కువ అడిగావని నేను అనుకోవడం లేదు. మనకు తెలిసిన చెడు ఒక్కటే, దాని గురించే అడిగాం.

ఆ మాట అయ్యాక అత్త నా రెండు చేతులూ పట్టుకుంది. "ఇన్నేండ్లు నేను సాకినా. నా చేతకాలా. ఇంక నువ్వు సాకల్ల" అంది.

నాకు పెళ్ళి అయ్యిందనుకున్నాను. ఇరవై రెండేళ్ళ బిడ్డను సాకడానికి వచ్చానని అప్పుడు తెలిసింది. అత్త అన్నీ నేర్పించింది. చొక్కా ఉతికే ముందు అంచులు కుట్టు వెంట తడిమి చూడాలి. ఎక్కువ నవ్వుతుంటే ఆ రోజు వేసుకున్నట్టు. చెమటలు పట్టి చిరాకు పడుతుంటే దొరకలేదన్నట్టు. అప్పుడు ఎదురు చెప్పకూడదు, మజ్జిగ ఇచ్చి పక్కన కూర్చోవాలి. మామ అడిగితే కడుపునొప్పి అని చెప్పాలి. మామకు ఏమీ తెలియదని అత్త అంటుంది. తెలుసుకోవడం ఇష్టం లేదని నాకనిపిస్తుంది. ఇవన్నీ నేను చేశాను. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా బాగున్నానని చెప్పాను. నీకు చెబితే నువ్వు వచ్చి గొడవ చేస్తావని, అత్త కష్టం ఇంకా పెరుగుతుందని ఊరుకున్నాను. ఆమె నన్ను నమ్మి ఇంటి గుట్టు చెప్పిందని లోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది. నా తెలివి అంతే.

ఇప్పుడు ఆ పొడి సంగతి. మడకశిర వైపు నుంచి వేర్లు, ఆకులు అమ్ముకునే ఒకాయన వస్తాడు. ఆయన దగ్గర తాగుడు మాన్పించే పొడి ఉందని ఎవరో అత్తకు చెప్పారు. తాగేవానికి తెలియకుండా కూట్లో కలిపి పెట్టాలి, తెలిస్తే పనిచేయదు. ఇది మాత్రలకు పనికొస్తుందా అని అత్త అడిగితే "ఏ మందైనా మందే కదమ్మా" అన్నాడట. పొట్లం తెచ్చి నాకిచ్చింది.

"నువ్వు కలుపు. నేను పెడితే వాడు కనుక్కుంటాడు. నీ చేతివంట వానికి ఇంకా కొత్త."

"నాకు భయంగా ఉండాది అత్తా."

"భయమేంటికి? వాడు నీ మొగుడు, నా కొడుకు. నేను వానికి చెడుపు చేస్తానా?" అని నా చేయి తీసుకుని తన తల మీద పెట్టుకుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. పొట్లం కూడా నా పెట్టెలోనే పెట్టుకోమంది. తన పెట్టె అతను మాత్రల కోసం వెతుకుతూ ఉంటాడట, నా పెట్టె ముట్టడట.

ఆ ఆదివారమే నువ్వు వచ్చావు. తడి గోనెసంచిలో గడ్డి వేసి నాలుగు చేపలు తెచ్చావు. నువ్వు గడపలో నిలబడితే నీ పంచెకు మన చెరువు వాసన వేసింది. తిని పో నాయనా అని అడగాలనుకున్నాను, అందరి ముందు అడగలేకపోయాను. "ఒంటిగంట బస్సు తప్పితే వల అట్లనే ఉంటాది" అని నీళ్ళు కూడా సగమే తాగి వెళ్ళిపోయావు. నేను పైనుంచి నువ్వు వీధి మలుపు తిరిగేదాకా చూశాను. ఆ చేపలతోనే పులుసు పెట్టాను. పులుపులో చేదు తెలియదని అత్త అంది. అందరి కుండలో కాదు, అతని గిన్నెలో మాత్రమే కలిపాను. చెంచా నిండా అని చెప్పింది. నేను భయపడి సగమే వేశాను. అతను రెండోసారి అడిగి వేయించుకున్నాడు. "మీ నాయన చేపలు బాగుండాయి" అన్నాడు. ఆ మాటకు నేను సంతోషపడ్డాను చూడు, ఆ పొడి వేసిన చేత్తోనే.

గంట కాలేదు, వాంతులు మొదలయ్యాయి. చొక్కా తడిసిపోయేలా చెమటలు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు అత్తను, నన్ను బయటికి పిలిచి, "నాటుమందు ఏమైనా ఇచ్చారా? ఇచ్చి ఉంటే చెప్పండి, నేనేమీ అనను. తెలిస్తే వైద్యం సులువు" అన్నాడు. నేను నోరు తెరిచాను. అత్త నా మణికట్టు గట్టిగా నొక్కింది. "లేదు సార్, చేపలు తిన్యాడు" అంది. నేను నా కాళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాను. నాయనా, నేను చేసిన తప్పు ఏదైనా ఉంటే అది ఇదే. అక్కడ చెప్పి ఉండాల్సింది. దీనికి మాత్రం నువ్వు నన్ను తిట్టు.

మూడు రోజులకు ఇంటికి వచ్చాడు. నాలుగో రోజు నేను మిద్దె మీద దిండ్లు ఎండబెడుతుంటే కింద అతని అరుపులు వినబడ్డాయి. నా పెట్టె బోర్లించి ఉంది. పెళ్ళి చీర నేల మీద ఉంది. పొట్లం అతని చేతిలో ఉంది.

ఆ తర్వాతే పెద్దమామను పిలిపించారు. నన్ను మధ్యలో నిలబెట్టారు. పెద్దమామ పొట్లం విప్పి వాసన చూసి పక్కన పెట్టాడు.

"ఏమ్మా, ఇదేంది?"

నేను అత్త వైపు చూశాను. ఆమె కొంగు అంచు మడత పెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడత పెడుతోంది.

"నిన్నే అడిగేది. వానికి మందు పెట్టినావా?"

మందు పెట్టడమంటే ఏమిటో అప్పుడు అర్థమైంది. మొగుడు చెప్పినట్టు వినాలని ఆడవాళ్ళు పెడతారంటారే, ఆ మందు.

"ఈ పిల్లకు అంత తెలివి యాడుండాది పెదనాయనా," అంది వదిన. "పుట్టింటోళ్ళు ఇచ్చి పంపింటారు. ఆ దినమే కదా వాళ్ళ నాయన చేపలు మోసుకొచ్చినాడు. కూర్చోమన్న్యా కూర్చోలా, తినమన్న్యా తినలా. నీళ్ళు సగం తాగి పరిగెత్తినాడు. తన చేపలు తనకే భయమైనట్టుండాది."

ఎవరో నవ్వారు. ఎవరో నేను తలెత్తి చూడలేదు. మామ అత్తను అడిగాడు: "నీకేమన్నా తెలుసునా?"

"నాకేం తెలుసు? వంట ఆమె చేసింది" అంది అత్త.

తొమ్మిది నెలలు నన్ను మాబూ అని పిలిచిన మనిషి ఇప్పుడు 'ఆమె' అని అంది. ఒట్టు వేసిన చెయ్యి నాది కాబట్టి నేను నోరు విప్పలేదు. ఒట్టు తీసుకున్న మనిషే విప్పుతుందని చూస్తూ నిలబడ్డాను. అంతలో పెద్దమామ నీకు ఫోన్ కలిపాడు. మిగతాది నీకు తెలుసు.

మరుసటి రోజే అతన్ని పెట్టుమందు కక్కించే ఆయన దగ్గరికి తీసుకుపోయారు. ఆయన ఏదో తాగించి కక్కించి, నల్లటి ముద్ద ఒకటి చూపించి "ఇదిగో ఆడమనిషి పెట్టింది" అన్నాడట. అత్త అది చూసి ఏడ్చిందట. పక్కింటామెకు చెబుతుంటే నేను విన్నాను. పొడి తెచ్చింది తనే. నాకు ఇచ్చింది తనే. అయినా ఆ ముద్దను చూసి వచ్చాక నావైపు చూసే చూపు మారిపోయింది. నిజంగానే నేను పెట్టానని ఇప్పుడు ఆమె నమ్ముతోందేమో అనిపిస్తోంది. అలా నమ్మితే ఆమెకు నిద్ర పడుతుంది కదా.

అప్పటినుంచి నన్ను వంటింట్లోకి రానివ్వడం లేదు. కుండ మీద చెయ్యి వేస్తే వదిన "ఉండనీలే" అని తీసుకుంటుంది. నేను కుడుతున్న దిండ్లు మాత్రం తీసుకుంటున్నారు. నా చేత్తో కుట్టిన దాని మీద పడుకుంటారు, నా చేత్తో ఇచ్చిన నీళ్ళు తాగరు.

ఒకరోజు మిద్దె మీద అత్త ఒక్కతే దొరికింది. అడిగాను. గట్టిగా కాదు, మామూలుగానే.

"ఎట్ల చేస్తివి అత్తా?"

ఎండబెట్టిన దిండు తిప్పి వేస్తూ అంది: "వానికి నా మీద నమ్మకం పోతే నా చేతి కూడు తినడు. ఇంట్లోంచి పోతాడు. యాడన్నా రోడ్డు పక్కన పడుంటాడు. నీ మీద పోతే ఏమైతాది? నాలుగు దినాలు మాట్లాడడు. నువ్వు వయసులో ఉండావు, తట్టుకుంటావు."

"నా మీద కాదు. మా నాయన మీద పోయింది."

ఆమె దగ్గరికి జరిగింది. చెయ్యి చాపి నా తలలో దూది పోగు తీయబోయింది. నేను తల పక్కకు జరుపుకున్నాను. ఆమె చెయ్యి కొంచెంసేపు అలాగే ఉంది. ఆమెకు కొడుకు మీద ఉన్న భయం నాకు తెలుస్తుంది, నాయనా. కానీ ఆ భయానికి నన్ను తీసి అడ్డం పెట్టింది. అది తెలిసి కూడా జాలిపడాలంటే నాకు ఇంకా రావడం లేదు.

అసలు విషయం ఇంకొకటి ఉంది. మొన్న మధ్యాహ్నం కరెంటు పోయి మిషన్ ఆగింది. మామ మసీదుకు పోయాడు. అంగట్లో అతను, నేను ఉన్నాం. అతను బాగున్న పూటే. అతనికైనా నిజం చెప్పాలని ధైర్యం చేశాను. ఒట్టు తప్పాను.

"ఆ పొడి నాది కాదు. అత్త ఇచ్చింది" అన్నాను.

అతను పరుపు టాకా వేస్తూనే ఉన్నాడు. "తెలుసు" అన్నాడు.

నేను సరిగా వినలేదనుకున్నాను.

"పోయినేడు పాలల్లో కలిపింది. ఇదే చేదు. మొదటి ముద్దకే తెలిసింది నాకు, ఇది మా యమ్మ పనేనని."

"మరేంటికి తింటివి?"

"చేపలు బాగుండె" అని నవ్వాడు.

"అందరి ముందర ఏంటికి చెప్పలేదు? నా పెట్టె నువ్వే కదా బోర్లిస్తివి? నువ్వే కదా అరిస్తివి?"

అతను దారం కొరికి తెంపాడు. కోపంగా చెప్పలేదు. చిన్నపిల్లకు లెక్క చెప్పినట్టు నిదానంగా చెప్పాడు: "చూడు. మా యమ్మ పేరు చెప్తే ఏంటికి కలిపిందని అడుగుతారు. అడిగితే మాత్రల కాడికి వస్తాది. నీ పేరైతే నీ కాడనే నిలిచిపోతాది."

అంతలో కరెంటు వచ్చింది. మిషన్ తిరగడం మొదలుపెట్టింది. ఇంక ఏమన్నా వినబడదు.

తల్లి కొడుకును కాపాడుకోవడానికి అబద్ధం చెప్పింది. కొడుకు మాత్రలను కాపాడుకోవడానికి ఊరుకున్నాడు. ఇద్దరికీ మధ్యలో నేను పనికొచ్చాను. ఆ రోజంతా నాకు ఏడుపు రాలేదు. పదహారు దిండ్లు కుట్టాను.

నిన్న దారం కొనుక్కొస్తానని బయటికి వచ్చి ఆ ఆసుపత్రికే పోయాను. ఒక్కదాన్నే పోయాను నాయనా. చీటీ రాసేచోట నా పేరు మూడుసార్లు చెబితే గానీ వాళ్ళకు వినబడలేదు. డాక్టరుకు అన్నీ చెప్పాను, పొడి, మాత్రలు, నేను ఆ రోజు నోరు మూసుకున్నది. ఆయన కోప్పడలేదు. మాత్రలు మాన్పించడానికి వైద్యం ఉందన్నాడు. అతనికి తెలియకుండా చేసే వైద్యం మాత్రం కాదు, అతనే వచ్చి ఎదురుగా కూర్చోవాలి, ఇంట్లోవాళ్ళు దాచిపెట్టడం మానాలి అన్నాడు. ఇంటికి వచ్చి అత్తకు ఈ మాట చెప్పాను.

"మీ మామకు తెలియాల్నా?" అంది.

"తెలియాల."

"అయితే వద్దు" అంది.

ఇంక ఈ ఇంట్లో నేను సాకేది ఏమీ లేదు.

ఇప్పుడు నేను నిన్ను ఒకటే అడుగుతాను. ఈ ఉత్తరం అందాక వచ్చే శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చెయ్యి. నన్ను నమ్మానని గానీ, లేదని గానీ ఏమీ అనవద్దు. "చెరువులో చేపలు పడతాండాయా నాయనా?" అని నేను అడుగుతాను. నువ్వు నన్ను నమ్మితే పడతాండాయి అను. ఆదివారం పొద్దున బస్సుకు బయలుదేరతాను. నువ్వు పిలుచుకుపోవడానికి రావద్దు, నేను పెనుకొండలో బస్సు మారి రాగలను. నమ్మకం కుదరకపోతే నీళ్ళు లేవు అను. నాకు అర్థమవుతుంది. మళ్ళీ అడగను, నీ మీద కోపం కూడా పెట్టుకోను.

వస్తే ఎన్ని రోజులు ఉంటానో నాకు తెలియదు. ఆ డాక్టరు ముందు అతను తనంతట తాను కూర్చున్న రోజు కబురు చేయమని మామకు చెప్పి వస్తాను. మామకు ఎందుకో కూడా చెబుతాను. అత్త వద్దన్నా చెబుతాను.

నా పెట్టె పెద్దది, మోయలేను. పెళ్ళి చీర, దబ్బనం తెచ్చుకుంటాను. మన వీధిలో పరుపులు కుట్టేవాళ్ళు ఎవరూ లేరు కదా.

అవ్వకు, అమ్మకు నా సలాములు. నాకోసం దువా చేయమను. నువ్వు కూడా చెయ్యి, నీ దువా లేక ఆరు రోజులైంది.

నేను వచ్చిన రోజు నువ్వు పట్టిన చేపలతో నేనే పులుసు పెడతాను. వాకిట్లో చాప వేసుకుని కూర్చో, నలుగురూ పోయే వేళకే కూర్చో. అందరికంటే ముందు నీకే వడ్డిస్తాను. ఏం కలిపినావే అని అడగకుండా తిను.

ఇట్లు,
నీ కూట్లో ఉప్పు, పులుపు తప్ప ఏమీ కలపని నీ కూతురు
మాబున్ని